రెండో సైగ

నమోదు 1

చూపుగది దినచర్య ఇవాళ్టి నుంచి నేను రాస్తున్నాను. ఇన్నాళ్లూ అమృతవల్లి మేడమ్ రాసేవారు. ఆమె రాతలో మాటలు ఎండుచేపల్లా ఉంటాయి. "ద్రవం మార్చాను. కణాలు బతికున్నాయి." అంతే. "నీకు మాటలంటే పిచ్చి కదా రత్నాలూ, ఇకనుంచి నువ్వే రాయి," అన్నారు. నాకు రెక్కలు వచ్చినట్టయింది.

పొద్దున్నే కిటికీ అద్దాల మీద ఉప్పు గీకాను. తెప్పలపేటలో ఏ పనైనా ఉప్పు గీకడంతోనే మొదలవుతుంది. పాత ఓడల పొట్టలను గొలుసులతో కట్టుకున్న ఊరు మాది. పెద్ద అల వచ్చినప్పుడు ఊరంతా ఒళ్లు విరుచుకుంటుంది. ఊరి చుట్టూ నీటి కింద నాచుమళ్లు. ఆ నాచే మా రొట్టె, మా అంబలి. చేప దొరికిన రోజు పండగ.

ఈ ఏడు మళ్ల మీద ఎర్రటి పొర కట్టింది. దాన్ని తుప్పు అంటున్నాం. అదొక సూక్ష్మజీవి. నాచులో ఉన్నంతసేపు నాచునే తింటుంది. నీటిలో దిగినవాడి ఊపిరిలోకి పోతే జ్వరం. మా అన్న దానయ్య మళ్లు గీకే జట్టులో ఉన్నాడు. కొత్త పోటు మొదలవగానే జట్టు దిగాలి, లేకపోతే పంట ఉండదు. దిగేలోపు వాళ్ల ఒళ్లకి సూదితో తుప్పు ముఖం చూపించాలి. ఆ చూపు ఈసారి నా చేత్తో జరగాలని మేడమ్ అన్నారు.

పాత పాఠాల్లో యాంటిజెన్ అనే మాట ఉంది. దాన్ని తెలుగు చెయ్యమన్నారు మేడమ్. చాలాసేపు ఆలోచించి "ఆనవాలు" అన్నాను. మేడమ్ కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "ఇంతకాలం నాకెందుకు తట్టలేదు?" అన్నారు.

ఆ మాట ఇక్కడ రాసుకోకుండా ఉండలేకపోతున్నాను.

నమోదు 2

జట్టుకి పాఠం చెప్పాను. ఓడ అంచున తాళ్లు చుట్టుకుంటూ కూర్చున్నారు. జట్టు పెద్ద తాతీలు మావ చుట్ట కాలుస్తూ విన్నాడు.

"మన ఒంట్లో కొమ్మలున్న కణాలు ఉంటాయి. చర్మం కిందా, ఊపిరితిత్తుల్లోనూ కాపలా తిరుగుతాయి. సూక్ష్మజీవి దొరికితే మింగుతాయి. మింగి ఊరుకోవు. దాన్ని ముక్కలు చేసి, ఒక ముక్కని పళ్లెంలో పెట్టుకుని చంకలో ఉన్న బిళ్ల దాకా మోసుకెళ్తాయి. ఆ ముక్కే ఆనవాలు. బిళ్లలో టి-కణాలు కూర్చుని ఉంటాయి. ఒక్కో టి-కణం పుట్టుకతో ఒక్క ఆనవాలునే ఎరుగుతుంది. తనది కానిది ఎంతసేపు చూపించినా పట్టించుకోదు."

"మా ఇంటిదాని లాగన్నమాట," అన్నాడు తాతీలు మావ. "సంతలో తనకి నచ్చిన సీర తప్ప ఇంకేటీ కనపడదు దానికి."

"నీ మొగం మాత్రం కనపడిందేటి మావా?" అన్నాడు అన్న. జట్టంతా నవ్వింది. అన్న నా వైపు తిరిగి, "పంతులమ్మా, ఆ బడి బాస ఒగ్గీసి మనిసిలాగ సెప్పవే," అన్నాడు.

"తన ఆనవాలు కనపడగానే టి-కణం లేచిపోదన్నియ్యా. అది నిజంగా శత్రువో కాదో దానికెలా తెలుస్తాది? అందుకే కొమ్మకణం రెండో సైగ కూడా చెయ్యాల. 'ఇది ప్రమాదం, లే' అని. రెండూ అందితేనే టి-కణం లేస్తాది. ఒకటి వెయ్యవుతాది. చంకలో బిళ్ల కడతాది."

"రెండోది అందకపోతే?" అన్నారెవరో.

నాకంటే ముందు తాతీలు మావ అందుకున్నాడు. "నీటి కిందున్నోడు తాడు ఓపాలి లాగితే పైనోడు కదలడు. సుడి లాగిందో, సేప తగిలిందో. ఎంటనే రెండోపాలి లాగితేనే పైకి తీస్తాడు. ఒక్క లాగుడే రోజూ వస్తా ఉందనుకో, ఆ తాడు ఊరికే ఊగుతాదని పైనోడికి అలవాటైపోద్ది. ఆ మీదట నిజంగా లాగినా సూడడు."

అచ్చం అంతే. రెండో సైగ లేకుండా ఆనవాలు చూసిన టి-కణం ఊరుకోదు, మొద్దుబారుతుంది. తర్వాత రెండు సైగలూ చేసినా ఇక లేవదు. దానికి "మొద్దునిద్ర" అని పేరు పెట్టాను.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ చేతుల్లోని తాళ్ల వైపు చూస్తున్నారు. నా పాఠం అంత లోతుగా దిగిందని మురిసిపోయాను.

నమోదు 3

చూపు అయింది.

అన్న నెత్తురులోంచి కొమ్మకణాలను పెంచాను. వాటికి తుప్పు పైపొర ముక్కలు తినిపించాను. ఆ తర్వాత మేలుకొలుపు సీసా. అది పోస్తేనే కొమ్మకణాలు కొమ్మలు విచ్చి, రెండో సైగ చెయ్యడానికి సిద్ధమవుతాయి. ఈ సీసా ఎప్పుడూ నేనే కలిపేదాన్ని. ఈసారి మేడమ్ లోపలి గదిలో తానే కలిపి తెచ్చారు. "కొత్త పాళ్లు. నీకు తర్వాత నేర్పిస్తాను," అన్నారు. మామూలుగా పోసిన మర్నాడు లెన్సు కింద చూసి, కొమ్మలు విచ్చాయని తేల్చుకున్నాకే సూదిలోకి ఎక్కిస్తాం. ఈసారి అది కూడా తానే చూశానన్నారు. నేను అడగలేదు. అడగాలని తోచనైనా లేదు.

అన్న చొక్కా చెయ్యి మడిచి, "నొప్పి రాకుండా పొడువు. నేదంటే మామ్మకి సెప్తా," అన్నాడు. పొడిచాక నా తల మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. అన్న ఎప్పుడూ అలా చెయ్యడు.

జట్టు తర్వాత ఊరంతా వరసగా వచ్చింది. "రత్నాలు సేతి సూదైతే నాకు బయం నేదు," అంది ఒక ముసలామె. ఒక్క మామ్మ మాత్రం ముందు మనవడికి బిళ్ల కట్టాకే తన వంతని మొండికేసింది.

చూపుగది వాళ్లకి చివరి వంతు. అందుకే నాకూ ఇంకా కాలేదు.

నమోదు 4

ఎవరికీ బిళ్ల కట్టలేదు.

మా ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. చూపు అయిన వారానికి ఇంట్లో పెద్దామె అందరి చంకలూ వేళ్లతో తడిమి చూస్తుంది. బిళ్ల తగిలితే "కట్టింది!" అని కేక పెడుతుంది. పక్క ఓడల వాళ్లకి తలా ఒక బెల్లప్పలుకు పంచుతారు. బిళ్లతో పాటు రెండ్రోజులు జ్వరం కూడా వస్తుంది. జ్వరమొచ్చినవాణ్ని ఆ రెండ్రోజులూ రాజులా చూస్తారు.

మామ్మ అన్న చంక తడిమింది. రెండో చంక తడిమింది. మళ్లీ మొదటిది.

"కితకితలెడతావేటే ముసిలీ," అన్నాడు అన్న.

"నోరుముయ్యి. ఇదేటే రత్నాలూ? ఒక్కడికీ కట్టనేదు. ఎల్లమ్మ ఇంట్లో నేదు, సోములు ఇంట్లో నేదు. బెల్లం అలగే ఉండిపోనాది. నీళ్లేటైనా పొడిసేరా మీరు?"

నాకు కోపం వచ్చింది. మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె నవ్వలేదు, కసరలేదు. "కొత్త పాళ్లతో ఒంటికి శ్రమ ఉండదు. ఆ సంగతి జనానికి అర్థమయ్యేలా ఒక ప్రకటన రాయి. నీ మాటలైతే వింటారు," అన్నారు.

రాశాను. ఎన్నిసార్లు కొట్టేసి రాశానో. చివరికి ఇలా కుదిరింది: "ఈసారి చూపు వానచినుకులా వచ్చింది, వరదలా కాదు. జ్వరం లేదు, బిళ్ల లేదు. మీ కణాలు చప్పుడు చెయ్యకుండా మేలుకున్నాయి." పెద్ద అక్షరాలతో వంతెన దగ్గర కట్టాం. జనం ఆగి పైకి చదువుకున్నారు. ఒకావిడ చదివి కళ్లకద్దుకుంది.

మామ్మ చదివించుకుని, "సప్పుడు సెయ్యకుండా మేలుకునేది దొంగొక్కడే," అని వెళ్లిపోయింది.

నమోదు 5

మామ్మ నోరు మూయించాలనే ఈ పని మొదలుపెట్టాను. మేడమ్‌ని తప్పుపట్టాలని కాదు. అది ఇక్కడ రాసి ఉండాలి.

అన్న వేలు నుంచి కొంచెం నెత్తురు తీసుకున్నాను. "ఎందుకే, ఒగ్గీ," అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను అలిగితే ఇచ్చాడు. అందులోని టి-కణాలకి తుప్పు ఆనవాలు చూపించాను. మేలుకున్నవైతే ద్రాక్షగుత్తుల్లా గుంపు కట్టాలి.

గుంపు కట్టలేదు.

సీసా పాళ్లలో ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. చల్లపెట్టెలో పోయిన ఏడు నేను కలిపిన మేలుకొలుపు కొంచెం మిగిలి ఉంది. దానితో మళ్లీ చేశాను. ఈసారి పక్కన నా నెత్తురు కూడా పెట్టుకున్నాను. నాకింకా చూపు కాలేదు కదా.

నా కణాలు లేచాయి. లెన్సు కింద గుత్తులు గుత్తులుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. పక్క గిన్నెలో అన్న కణాలు విడివిడిగా, గుండ్రంగా, ఏ కదలికా లేకుండా ఉన్నాయి. చచ్చిపోలేదు. ఆనవాలు కళ్లముందే ఉంది. రెండు సైగలూ అందుతున్నాయి. ఐనా లేవడం లేదు.

తుప్పును ఎప్పుడూ చూడని కణాలైతే నావాటిలాగే లేవాలి. ఇవి చూశాయి. ఒక్క సైగతో చూశాయి.

పొరపాటైతే ఒక్కరి గిన్నెలో జరుగుతుంది. ఊరందరి సీసాల్లో జరగదు.

నమోదు 6

మేడమ్ రొట్టె తింటున్నారు. రెండు గిన్నెలూ ఆమె ముందు పెట్టాను. ఆమె లెన్సు అడగలేదు.

"ఎప్పుడు చూశావు?" అన్నారు.

"మేలుకొలుపు సీసాలో ఏముంది మేడమ్?"

"ఉప్పునీళ్లు."

ఆమె అబద్ధం చెబుతారేమోనని భయపడుతూ వచ్చాను. నిజం చెప్పడం అంతకంటే ఘోరంగా ఉంది.

"కూర్చో రత్నాలూ. దక్షిణపు తెప్ప గుర్తుందా? తుప్పు జ్వరం వచ్చి తగ్గిన తర్వాతే అక్కడ ఎక్కువమంది పోయారు. ఎందుకో తెలుసా? తిండి మానేశారు. మానెయ్యలేదు, పడలేదు. రొట్టె తింటే పేగులు పుండ్లయ్యాయి. అక్కడి వైద్యుడు పంపిన పేగు ముక్కలు నేను చూశాను. తుప్పు పైపొరలో ఉన్న ఆనవాలు మన నాచులోనూ ఉంది. ఇంచుమించు అదే. తుప్పు మీదికి లేచిన టి-కణం రొట్టె మీదికీ లేస్తుంది. మనకి రొట్టె తప్ప ఇంకేముంది?"

"అందుకని అందరినీ నిద్రపుచ్చారా?"

"ఆ ఒక్క ఆనవాలుకే. ఊళ్లో ఉన్నవాళ్లకి తుప్పు తగిలేది తక్కువ. ఆ కణాలు లేవకపోతే తిని బతుకుతారు."

"మరి దిగేవాళ్లు?"

ఆమె రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశారు. "కొందరు పోతారు," అన్నారు.

మా అన్న పేరు ఆమె పలకలేదు. నేనూ పలకలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదు? నేను మీ విద్యార్థిని. ఆనవాలు, రెండో సైగ... ఇవన్నీ మీరు నేర్పినవే."

"చెబితే నీ చెయ్యి వణికేది. నీ చెయ్యి వణికితే జనం అడిగేవాళ్లు. అడిగితే సగం మంది చూపు వద్దనేవాళ్లు, తుప్పు తగిలితే వాళ్ల ఒళ్లు వాటంతటవే లేచేవి. ఈ ఊళ్లో అందరూ నమ్మే చెయ్యి నీదొక్కటే. నాది కాదు. ఆ ప్రకటన కూడా చాలా బాగా రాశావు."

నా జీవితంలో ఇంతవరకు ఎవరూ నన్నింత గట్టిగా కొట్టలేదు.

నమోదు 7

అన్నని మళ్లలోకి దిగకుండా ఆపాలని పరిగెత్తాను. జట్టు తాళ్లు నడుముకి కట్టుకుంటోంది. పక్కకి లాక్కెళ్లి అంతా చెప్పాను. ఏడుస్తూ, తడబడుతూ, అసలు మాటలే దొరక్కుండా.

అన్న విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెల్సా?" అన్నాను.

"తెల్సే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పాఠం సెప్పేవే, దానికి ముందే. మేడమ్ జట్టునంతా కూకోబెట్టి సెప్పీసింది. మిమ్మల్ని లేపితే రొట్టి పడదు, లేపకపోతే జొరం మీద పడతాది, ఏది కావాలో మీరే సెప్పండన్నాది. రొట్టి నేకుండా ఎన్నాళ్లు బతుకుతామే? మామ్మో? నువ్వో? సరేనన్నాం."

"తాడు సంగతి..."

"అదీ మేడమ్ సెప్పిందే. తాతీలు మావ నీ ముందు తన తెలివి లాగ సెప్పీసేడు." నవ్వబోయాడు. నా ముఖం చూసి మానేశాడు.

"నా సేత పొడిపించుకున్నావు. నొప్పి రాకుండా పొడవమన్నావు. నాకెందుకు సెప్పనేదన్నియ్యా?"

"నీకు దాచడం రాదే సెల్లీ. కడుపులో మాటుంటే నీకు నిద్దరట్టదు. ఊరంతా సెప్పీసేదానివి."

"అవును, సెప్పీసేదాన్నే!"

"అదే మరి," అన్నాడు, తాడు బిగించుకుంటూ.

పైన తాడు పట్టుకునేవాడు పిలిచాడు. అన్న నీళ్లలోకి దిగాడు. నేను వంతెన దగ్గరికి వెళ్లి నా ప్రకటన చించేశాను. దాని చోట ఏమీ రాయలేకపోయాను. ఉన్న మాటలన్నీ ఎవరో వాడేసినట్టుంది.

నమోదు 8

మూడు పూటలుగా మేడమ్‌తో మాట్లాడలేదు. ఆమె లోపలి గదిలో, నేను బయటి బల్ల దగ్గర. మధ్యలో తలుపు తెరిచే ఉంటుంది.

ఆమె తర్కంలో నాకు ఒకటే తప్పు కనిపిస్తోంది. మొద్దుబారింది ఆ ఒక్క ఆనవాలు ఎరిగిన కణాలే. అన్న ఒంట్లో మిగతా టి-కణాలు వేటి కోసమో ఎదురు చూస్తూ కూర్చునే ఉన్నాయి. తుప్పును ముక్కలు చేస్తే ఒకటే ముక్క రాదు కదా. నాచులో లేని ముక్క ఒక్కటి దొరికితే చాలు. అది దొరికితే తుప్పు మీదికి లేస్తారు, రొట్టె జోలికి పోరు.

పోలిక యంత్రంలో ఒక వైపు తుప్పు ముక్కలు, ఇంకో వైపు నాచు ముక్కలు పెడుతున్నాను. పెట్టడం, చూడడం, పక్కన పడెయ్యడం. పైపొర ముక్కలన్నీ నాచుని పోలినవే. దిగుడుకీ దిగుడుకీ మధ్య అన్న తలుపు దగ్గరికి వచ్చి నిలబడతాడు. "తిన్నావేటే?" అంటాడు. నేను యంత్రం వైపు తిరుగుతాను. అంబలి చెంబు గడప మీద పెట్టి పోతాడు.

మేడమ్ ఒకసారి నా వెనక వచ్చి నిలబడ్డారు. "లోపలి ముక్కలు బలహీనంగా ఉంటాయి. వాటితో కణాలు సరిగ్గా లేవవని నేను చూడకుండా వదిలేశాను," అన్నారు.

చూడకుండా వదిలేశారు. అంత నిశ్చయంగా ఊరిని నిద్రపుచ్చిన మనిషి.

నమోదు 9

తాతీలు మావ పోయాడు. దిగిన ఐదో రోజుకే ఊపిరి అందలేదు. అత్త ఓడ దగ్గరికి వెళ్తే, "నీ సూది పొడిపించుకున్నాడు కదే," అంది. తిట్టలేదు. ఊరికే అంది.

అన్నకి కూడా జ్వరం వచ్చింది.

ముక్క దొరికింది. తుప్పు తన ఇనుము దాచుకునే సంచి గోడలోది. నాచుకి అలాంటి సంచి లేదు. నా కణాలకి చూపిస్తే గుత్తులు కట్టాయి. కొంచెం నెమ్మదిగానే, కానీ కట్టాయి. ఆ కణాలకే నాచు చూపిస్తే కదలలేదు.

కానీ పోయిన ఏటి మేలుకొలుపు అయిపోయింది. కొత్తది కలపడానికి కావలసినవన్నీ మేడమ్ గదిలో ఉన్నాయి. అడగడానికి గడప దాకా వెళ్లాను. ఆమె అప్పటికే కలిపి, సీసా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

తీసుకున్నాను. సూదిలోకి ఎక్కించలేదు. మొదటి చూపుకి పెంచినప్పుడు మిగిలిన అన్న కొమ్మకణాలు కొన్ని గిన్నెలో వేసి, ఒక చుక్క పోసి, లెన్సు కింద పెట్టాను. నిజమైన మేలుకొలుపైతే మర్నాటికి కొమ్మలు విచ్చుకోవాలి.

మామ్మ తలుపు కొడుతోంది. "పిల్లడు కాలిపోతన్నాడే! బేగి ఎయ్యవే, ఎవుల కోసమే సూస్తన్నావు?"

ఏమని చెప్పను? అన్నకి గంటలు తక్కువగా ఉన్నాయని నాకూ తెలుసు. సీసా మంచిదైతే ఈ ఆలస్యం పాపం నాది. మంచిది కాకపోతే ఈ కొత్త ఆనవాలుకి కూడా అన్న ఎప్పటికీ మొద్దుబారిపోతాడు. మేడమ్ తడి గుడ్డతో అన్న ఓడకి వెళ్లి, ఆ రాత్రంతా అతని తల దగ్గర కూర్చున్నారని తర్వాత తెలిసింది.

పొద్దున్నకి కొమ్మలు విచ్చుకున్నాయి.

మిగతా కొమ్మకణాలకి కొత్త ముక్క తినిపించి, అదే సీసా పోసి, మర్నాడు వాటినీ లెన్సు కింద చూసుకుని సూదిలోకి ఎక్కించాను. పొడిచే ముందు ఏ సీసాలో ఏముందో, ఇది పనిచెయ్యకపోవడానికి ఎన్ని కారణాలున్నాయో అన్నకి అంతా చెప్పాను. అన్న కళ్లు మూసుకునే, "సెప్పక్కర్నేదే, ఎయ్యి," అన్నాడు.

"ఇనాల," అన్నాను. చివరి మాట దాకా వినిపించాను. అప్పుడు పొడిచాను.

నమోదు 10

అన్న లేచి కూర్చున్నాడు. ఊపిరి ఇంకా గరగరమంటోంది. మడి దిగే మనిషి మళ్లీ అవుతాడో లేదో తెలీదు. రెండు రొట్టెలు తిన్నాడు. మూడోది అడిగి మామ్మ చేత తిట్లు తిన్నాడు.

నేను అన్నతో ఇంకా మామూలుగా మాట్లాడలేకపోతున్నాను. అంబలి ఇస్తాను, పక్క సర్దుతాను. "ఏటే అంత మౌనం? మాటల పిచ్చి తగ్గిపోనాదా?" అంటాడు. తగ్గలేదు. ఏం అడగాలో తెలుసు. అడిగితే మళ్లీ అదే జవాబు చెబుతాడని కూడా తెలుసు.

ఊరిని వంతెన దగ్గర పోగుచేసి జరిగిందంతా చెప్పాను. మేడమ్ నా పక్కనే నిలబడ్డారు. ఒకరిద్దరు ఆమె మీదికి ఉమ్మారు. తుడుచుకోలేదు. తాతీలు మావ భార్య మాత్రం నన్నే చూస్తూ నిలబడింది. కొత్త ఆనవాలుతో మళ్లీ చూపు వేస్తాం, కావలసినవాళ్లు రండి, ఇష్టం లేకపోతే వద్దు అన్నాను. ఇవాళ వచ్చింది కొద్దిమందే. సూదిని చూసి కాదు, నన్ను చూసి భయపడుతున్నారు.

సాయంత్రం మేడమ్ రేపటి సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. మొదటి దానిలోంచి ఒక చుక్క తీసి గిన్నెలో వేశాను.

"ప్రతి సీసా పరీక్షిస్తావా?" అన్నారు.

"పరీక్షిస్తాను మేడమ్."

"నిన్న పరీక్షకి పెట్టిన సీసాలన్నీ నిజమైనవే కదా. ఇంకా నమ్మకం కుదరలేదా?"

"సీసాల మీద కుదిరింది మేడమ్."

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని, రెండో సీసా మూత తీసి, నా చేతికి అందించారు.